గోడ ఇద్దరిదీ, కంచె మీది: ఉమ్మడి ప్రహరీ పక్కన పెరటి కంచె వేయడం ఎలా?

పెరట్లో నాలుగు పాదులు పెట్టుకుందామనుకోగానే చూపు ప్రహరీ గోడ మీదికి పోతుంది. గోడ ఎలాగూ ఉంది, దానికే రెండు పైపులు బిగించి జాలి కట్టేస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. పక్కింటికీ మాకూ మధ్య ఉన్న నాలుగున్నర అడుగుల గోడ మీద ఇనుప పైపులు నిలబెట్టి, వాటికి వెదురు తడికలు కట్టాను. వైశాఖంలో ఒక సాయంత్రం వచ్చిన గాలివానకు తడికలు, పైపులు, వాటితో పాటు గోడ పై నాలుగు వరుసల ఇటుకలు పక్కింటి పిన్నిగారి మల్లె పందిరి మీద పడ్డాయి. ఆ సమయానికి పందిరి కింద ఎవరూ లేరు. గోడ ఖర్చు, పందిరి ఖర్చు, ఆ పైన మూడు నెలల పాటు పిన్నిగారి మౌనం, మూడూ నా ఖాతాలోనే పడ్డాయి.

రెండోసారి వేసిన కంచె ఇప్పటికీ నిలబడి ఉంది. అది గోడను ఎక్కడా తాకదు. కింద చెప్పేదంతా ఆ రెండో కంచె సంగతే.

గోడ ఎందుకు మోయలేదు?

మన ఊళ్ళలో ఇళ్ళ మధ్య గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలే. పది అడుగులకో దిమ్మె ఉంటుంది, పునాది లోతు అంతంత మాత్రమే. తన బరువు తాను మోసుకుంటూ నిలబడడానికే దాన్ని కట్టారు. పక్కనుంచి వచ్చే తోపుకు అది సిద్ధంగా ఉండదు.

ఆ తోపు ఎంత ఉంటుందో ఒక లెక్క వేసుకోండి. గోడ పైన 3 అడుగుల ఎత్తున, 10 అడుగుల పొడవున రేకో తడికో నిలబెట్టారనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల గాలి వస్తే దాని మీద దాదాపు 80 కిలోల తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, అంటే మూడు వందల కిలోలు దాటుతుంది. కట్టడాల రూపకల్పనకు భారతీయ ప్రమాణాలు తీసుకోమనే గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. గంటల్లో చెప్పుకుంటే 158, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాసులకు ఈ అంకెలు విడమరిచి చెప్పనక్కర్లేదు.

తీగ జాలి అయితే గాలి దూరిపోతుంది కాబట్టి భయం లేదనుకుంటాం. కానీ దాని మీద చిక్కుడు తీగ దట్టంగా అల్లుకున్న రోజున జాలి కూడా తెరచాపే.

ముందు కాగితాలు, తరువాతే పలుగు

మీ దస్తావేజు తీసి చివర ఉండే షెడ్యూలు చదవండి. నాలుగు దిక్కుల హద్దులు రాసినచోట ఆ వైపు ఏముందో చూడండి. ‘మాకు, వారికి గల ఉమ్మడి గోడ’ అని ఉంటే గోడ ఇద్దరిదీ. సాధారణంగా గోడ నడిమి గీత హద్దు అవుతుంది. తొమ్మిదంగుళాల గోడలో నాలుగున్నర అంగుళాలు మీ వైపు ఉంటాయి. ‘ఫలానావారి ప్రహరీ’ అని ఉంటే గోడ పూర్తిగా వాళ్ళది, దానికి మేకు కొట్టే హక్కు కూడా మీకు లేదు. పాత ఇళ్ళయితే లింకు దస్తావేజులు, అంటే ముందటి యజమానుల కాగితాలు, కూడా చూడాలి. ఒక తరంలో ఉమ్మడి అని రాసింది మరో తరం కాగితంలో మాయం కావడం కొత్తేమీ కాదు.

కొలతలకూ కాగితానికీ పొంతన కుదరకపోతే అక్కడే ఆగండి. ఊళ్ళో భూమి అయితే మండల సర్వేయరు కొలత కోసం మీసేవలో ఎఫ్‌లైన్ (హద్దు కొలత) దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వే శాఖ దగ్గరుండే పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ), తెలంగాణ ప్రాంతంలో టిప్పన్ అనే కొలతల పటం, ఇవే ఆ కొలతకు ఆధారాలు. పట్టణంలో లేఅవుటు ప్లాటు అయితే ఆమోదించిన లేఅవుటు నకలు, లైసెన్సు ఉన్న సర్వేయరు చాలు. హద్దు రాయి కదిలిందో లేదో కంటితో తేల్చుకోవద్దు.

ప్రహరీ ఎత్తు మీద పురపాలక నిబంధనలు ఉంటాయి. మీ మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఒకసారి అడిగితే పోయేదేమీ లేదు. కంచె వీధి వైపుకు వస్తున్నా, కాలనీకి సొంత సంఘం ఉన్నా తప్పకుండా అడగండి.

ఇంకొకటి. కంచెకు రేకులు, షీట్లు కట్టి నిలువునా మూసేయాలనుకుంటే, అవతలి ఇంటి కిటికీ ఎక్కడుందో చూసుకోండి. 1882 నాటి భారతీయ సుఖభోగ హక్కుల చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళుగా ఆటంకం లేకుండా, తమ హక్కుగా పొందుతున్న గాలి, వెలుతురు మీద ఆ ఇంటివారికి హక్కు ఏర్పడుతుంది. జాలి వేస్తే ఈ పేచీ రాదు.

పక్కింటివారితో మాట

పని మొదలుపెట్టే ముందు రోజు కాదు, కనీసం రెండు వారాల ముందు చెప్పండి. నేను ఈసారి కొలత టేపు వెంట తీసుకుని వెళ్ళాను.

“పిన్నిగారూ, గోడ జోలికి పోను. మా వైపు అడుగున్నర దూరం వదిలి గుంతలు తీసి జాలి వేసుకుంటున్నాను. ఒకసారి వచ్చి చూస్తారా?”

“మళ్ళీ నా మల్లె మీద పడదు కదా?”

“పడితే మా దొండపాదు మీదే పడుతుంది.”

ఆవిడ నవ్వలేదు గానీ వచ్చి చూశారు. అది చాలు.

వాస్తు మాట తప్పకుండా వస్తుంది, దానికి సిద్ధపడి వెళ్ళండి. ఉత్తరం, తూర్పు వైపులు దక్షిణం, పడమరల కన్నా ఎత్తుగా ఉండకూడదన్నది నమ్మేవారి లెక్క. మీకు ఉత్తరపు గోడ అవతలివారికి దక్షిణపు గోడ. అక్కడ కంచె ఎత్తు పెంచితే మీ ఇంట్లో పెద్దవాళ్ళు గొణుగుతారు, అవతలివాళ్ళు లోలోపల సంతోషిస్తారు. దక్షిణాన వేస్తే కథ తిరగబడుతుంది. నమ్మకం మీకు ఉన్నా లేకపోయినా వాదించకండి. జాలి గోడ కాదు, వెలుతురుకు అడ్డు రాదు అన్న మాటతోనే చాలామంది సమాధానపడతారు.

మాట కుదిరాక ఒక కాగితం రాసుకోండి. ఇది మర్యాద కోసం కాదు. మీరు గోడకు అడుగున్నర దూరం వదిలి కంచె వేస్తున్నారు. పదేళ్ళ తరువాత ఆ ఇల్లు కొన్నవాళ్ళు కంచెనే హద్దు అనుకునే ప్రమాదం ఉంది. గోడకూ కంచెకూ మధ్య ఉన్న మీ జాగాలో వాళ్ళు పాగా వేసి పన్నెండేళ్ళు బాహాటంగా అనుభవిస్తే, 1963 కాలపరిమితి చట్టం కింద ఆ జాగా మీద మీ దావాకే కాలం చెల్లవచ్చు. అందుకని తేదీ వేసి ఇలా రాయండి:

‘మా ఉభయుల ఇళ్ళ మధ్య ఉన్నది ఉమ్మడి గోడ. గోడ నడిమి గీతే మా హద్దు. మొదటివారు తమ స్థలంలో గోడకు అడుగున్నర దూరం వదిలి, పెరటి అవసరం కోసం వేసుకుంటున్న కంచె హద్దు కాదు. గోడకూ కంచెకూ మధ్య స్థలం మొదటివారిదే. గోడ మరమ్మతుకు, సున్నానికి రెండవవారు ముందుగా చెప్పి ఆ స్థలంలోకి రావచ్చు.’

ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, చెరొక ప్రతి. గోడను రెండు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా ఇప్పటికే ఉన్న పగుళ్ళను. పలుగు దెబ్బకు పగిలిందని రేపు ఎవరైనా అంటే జవాబు చెప్పేది ఆ ఫోటోలే.

ఏ కంచె?

వెదురు తడిక అందంగా ఉంటుంది, కానీ రెండు వానాకాలాలకు చెదలు తినేస్తుంది. కంప పాములకు కాపురం. గోరింట, నందివర్ధనం వరుసగా పెంచితే పచ్చటి దడి అవుతుంది, ఓపిక ఉంటే అంతకన్నా మంచిది లేదు. ముళ్ళ తీగ పిల్లలు తిరిగే పెరట్లో వద్దు. ఇక కోతులకో పందులకో భయపడి తీగకు ఇంటి కరెంటు కలపడం నేరం. అది మనుషుల ప్రాణాలు తీసే పని. ఆ ఆలోచనే పెట్టుకోకండి.

పాదులకు, కోళ్ళూ మేకలూ రాకుండా ఉండడానికి చెయిన్ లింక్ జాలి సరిపోతుంది. కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది: గేజి అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. 10 గేజి తీగ 3.25 మిల్లీమీటర్లు, 12 గేజి 2.64, 14 గేజి 2.03. పెరటికి 12 గేజి, రెండంగుళాల కన్ను చాలు. 14 గేజి చవకగా దొరుకుతుంది, మేక నాలుగుసార్లు ఒరుసుకుంటే పొట్ట దిగుతుంది.

నిలువులకు పొలాల్లో అయితే రాతి కడీలను మించినవి లేవు. కానీ 8 అడుగుల కడీ, 4 అంగుళాలకు 6 అంగుళాల మందం ఉన్నది, వంద కిలోలు తూగుతుంది. గోడకూ పూల మడికీ మధ్య ఇరుకులో దాన్ని ఎత్తి నిలబెట్టేటప్పుడు చెయ్యి జారితే అది పడేది గోడ మీదే. అదే పొడవున్న 40×40×5 మిల్లీమీటర్ల ఇనుప ఎల్ యాంగిల్ ఏడు కిలోల పైచిలుకు. ఇద్దరు మనుషులు ఆడుతూ పాడుతూ నిలబెట్టేస్తారు. గోడ పక్కన యాంగిలే వాడండి.

నా కంచె పొడవు 40 అడుగులు. 8 అడుగులకొకటి చొప్పున ఆరు యాంగిళ్ళు, కొసల్లో ఊతలకు మరో రెండు. 6 అడుగుల ఎత్తు జాలి, 50 అడుగుల చుట్ట ఒకటి. సిమెంటు రెండు బస్తాలు, దానికి తగిన ఇసుక, 20 ఎంఎం కంకర. సముద్రతీర జిల్లాల్లో ఉన్నవారు యాంగిళ్ళ మధ్య దూరం 6 అడుగులకు తగ్గించుకోండి.

యాంగిళ్ళను దుకాణంలోనే 8 అడుగులకు కోయించి, కింది కొసను చీల్చి చేప తోకలా విప్పించండి. అది కాంక్రీటులో పట్టుకుంటుంది. తీగలు దూర్చడానికి పైన, నడుమ, కింద మూడు రంధ్రాలు వేయించండి. ఇంటికి తెచ్చాక రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. నిలబెట్టాక రంగు వేద్దామనుకుంటే గోడ వైపు ముఖానికి కుంచె అందదు.

దారం కట్టడం

గోడకు ఎంత దూరం అన్నదే ఈ పని మొత్తంలో అసలైన నిర్ణయం. అరడుగు వదిలితే ఆ సందులోకి చెయ్యి పోదు, చీపురు పోదు. ఆకులు, ఎలుకలు, వాటి వెనక పాములు మాత్రం పోతాయి. ఒక మనిషి పక్కకు తిరిగి నడవగలిగే అడుగున్నర నాకు తెలిసి కనిష్ఠం. పెరడే నాలుగు అడుగులున్నవారు అంత వదలలేరు, నిజమే. అలాంటి చోట కంచె మానేసి తొట్టెల్లో పందిరి గుంజలు పెట్టుకోవడం మేలు.

దూరం పెట్టడానికి ఇంకో కారణం భూమిలో ఉంది. గోడ పునాది రాళ్ళు గోడ ముఖం కన్నా బయటికి పొడుచుకు వస్తాయి. గుంత తీయాలనుకున్న చోట ముందు సన్నటి ఇనుప చువ్వ దించి చూడండి. రాయి తగిలితే ఇంకా లోపలికి జరగండి. గోడ పునాది మీ గుంత కన్నా పైనే ఆగిపోయిందని తేలితే మరో అడుగు దూరం జరపండి. బోరు మోటారు తీగ, నీళ్ళ పైపు, సెప్టిక్ ట్యాంకు గొట్టం ఎటు పోతున్నాయో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి, పలుగు తగిలాక కాదు.

రెండు కొసలా మేకులు పాతి నూలు దారం బిగించి కట్టండి. దారం గోడకు సమానంగా ఉందో లేదో నాలుగు చోట్ల కొలవండి. పాత గోడలు వంకర పోయి ఉంటాయి. గోడ వంకరను అనుసరించకండి, దారం తిన్నగా ఉండాలి. దారం మీద 8 అడుగులకోసారి సున్నంతో చుక్క పెట్టండి.

గుంతలు, కాంక్రీటు

గుంత 9 అంగుళాల చదరం, రెండుంపావు అడుగుల లోతు. అడుగున మూడంగుళాలు కంకర పోసి దిమ్మిస కొడితే నీరు ఇంకిపోతుంది, పైన రెండడుగులు కాంక్రీటు. పునాది కందకంలా గోడ పొడవునా తవ్వకండి. మట్టి ఆసరా పోతే గోడ ఒరుగుతుంది. గుంత తీసిన రోజే నింపేయాలి, రాత్రి వాన వస్తే తెరిచిన గుంత చుట్టూ మట్టి జారిపోతుంది. అందుకే ఈ పనికి వానాకాలం పనికిరాదు. ముదురు వేసవిలో నల్లరేగడి రాయిలా బిగుసుకుంటుంది, ముందు రోజు సాయంత్రం చుక్క దగ్గర కడివెడు నీళ్ళు పోసి వదిలితే పొద్దున పలుగు దిగుతుంది. రేగడి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకునే నేల కాబట్టి అక్కడ లోతు ఇంకో అరడుగు పెంచుకోండి.

ముందు రెండు కొసల యాంగిళ్ళు నిలబెట్టండి. కాంక్రీటు 1:2:4, అంటే ఒక తట్ట సిమెంటు, రెండు తట్టల ఇసుక, నాలుగు తట్టల కంకర. నీళ్ళు తక్కువ పోయండి, మేస్త్రీలు పని సులువు కావడానికి పలచన చేస్తారు, దాంతో బలం పోతుంది. ఒక బస్తా ఆరు నిలువుల గుంతల్లో నాలుగింటికి పైగా వస్తుంది, ఊతలకు కలిపి రెండో బస్తా సరిపోతుంది. పోస్తూ ఇనుప చువ్వతో పొడవండి. తూకం గుండు వేలాడదీసి రెండు ముఖాలా నిలువు చూసుకోండి. ఒక ముఖం చూసి వదిలేస్తే ఆ యాంగిల్ మీ వైపు నిటారుగా, పక్కింటి వైపు వంగి ఉంటుంది.

కాంక్రీటును నేల కన్నా రెండంగుళాలు ఎత్తుగా తెచ్చి చుట్టూ వాలు ఇవ్వండి. ఇనుము తుప్పు పట్టేది ఎప్పుడూ నేల మట్టం దగ్గరే. అక్కడ నీరు నిలవకపోతే సగం ఆయుష్షు కలిసొచ్చినట్టే. కొసల యాంగిళ్ళకు లోపలి వైపు, అంటే కంచె పొడవు దిశలోనే, ఏటవాలుగా ఊత యాంగిల్ ఇచ్చి దాని కాలికీ కాంక్రీటు వేయండి. జాలి లాగినప్పుడు కొసలు లోపలికి ఒరగకుండా ఆపేది అదే. నడిమి నాలుగింటికీ ఊత అక్కర్లేదు.

గోనెపట్టా చుట్టి ఏడు రోజులు పూటపూటా తడపండి. ఈ ఏడు రోజులూ జాలి కట్టాలన్న ఆత్రం ఆపుకోవాలి.

జాలి లాగడం

మూడు వరుసల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగను రంధ్రాల్లోంచి దూర్చి ఒక కొసన కట్టి, రెండో కొసన టైట్నరుతో బిగించండి. వేలితో మీటితే మోగాలి. తరువాత జాలి చుట్టను నిలబెట్టి మొదటి వరుస కన్నుల్లోంచి ఒక ఇనుప చువ్వ దించి, ఆ చువ్వను కొస యాంగిల్‌కు ఐదారు చోట్ల కట్టండి. ఇద్దరు జాలిని లాగుతుంటే మూడోవారు తీగలకు అడుగుకో కట్టు వేస్తూ రావాలి. కట్టుకు మేస్త్రీలు వాడే నల్ల బైండింగ్ వైరు వద్దు, ఏడాదిలో తుప్పుపట్టి తెగిపోతుంది. జీఐ కట్టు తీగే వాడండి. తీగ కొసలన్నీ మీ వైపుకే వంచండి. సున్నం వేయడానికి ఆ సందులోకి వచ్చిన మనిషి వీపు గీసుకోకూడదు.

మిగిలిన జాలిని కత్తిరించనక్కర్లేదు. విడదీయాలనుకున్న చోట ఒక తీగకు పైనా కిందా మెలిక విప్పి, మరలా తిప్పుతూ పైకి లాగితే అది ఊడి వస్తుంది, జాలి రెండుగా విడిపోతుంది. అతకాలన్నా అదే తీగను మళ్ళీ తిప్పుతూ దించడమే. చాలామంది కట్టరుతో కొరికి పాడుచేస్తారు. కొసన రెండడుగుల తలుపు ఒకటి పెట్టుకోండి, సందులోకి దారి కావాలి కదా.

పందికొక్కులు కింది నుంచి తవ్వుకుని వస్తాయి. జాలి అడుగున అడుగు వెడల్పు కోళ్ళ జాలిని సగం మట్టిలోకి, సగం పైకి వచ్చేలా కట్టేస్తే వాటి రాకపోకలు తగ్గుతాయి. కోతులకు మాత్రం ఏ జాలీ అడ్డు కాదు, అది మెట్లన్నమాట వాటికి.

పాదులు

మట్టిని గోడకు ఆనించి ఎత్తు చేయకండి. పాదులన్నీ కంచెకు ఇవతలే. గోడ మొదట్లో రోజూ నీళ్ళు పోస్తే చెమ్మ అవతలి ముఖానికి పాకి, వాళ్ళ రంగు పెచ్చులుగా ఊడుతుంది.

దొండ, బచ్చలి, కాకర, శంఖుపూలు ఈ జాలికి సరిపోతాయి. దొండను విత్తు కన్నా ముదురు తీగ ముక్క నాటడం తేలిక. సొర, గుమ్మడి కాయలు బరువు, వాటిని పందిరికి వదిలేయండి. చిక్కుడు వేస్తే చలికాలంలో పేనుబంక పడుతుంది, పక్కింటి చిక్కుడుకు కూడా మీదే అంటుకుందన్న పేరు వస్తుంది, ముందే చూసుకుని కడిగేయండి. మునగ వద్దు. కొమ్మ పెళుసు, గొంగళ్ళు గోడ దాటి పోతాయి. గోడ సందులో రావి మొలక కనిపిస్తే రెండాకుల మీద ఉండగానే పీకేయండి, వేళ్ళు ఇటుకల్లోకి దిగాక అది ఎవరి మాటా వినదు.

తీగలు జాలి మీదుగా సందులోకి వంగితే నెలకోసారి కత్తిరించండి. గోడ అవతల వేలాడిన కాయలు అవతలివారికే వదిలేయండి, అడగకండి. మొదటి వానాకాలం వెళ్ళాక ఒక్కో యాంగిల్‌ను చేత్తో ఊపి చూడండి. యాంగిల్ మొదలు దగ్గర కాంక్రీటుకూ మట్టికీ మధ్య సందు పడి ఉంటే కంకర కలిపిన మట్టి వేసి దిమ్మిస కొట్టండి. నడిమి తీగ వదులైతే టైట్నరు రెండు చుట్లు తిప్పండి.